మచ్చ ఎవరిమీద సాక్ష్యం?

పంచకల్యాణి అనే మాట వినని తెలుగువాడు అరుదు. నాలుగు కాళ్ళూ, మొహమూ తెల్లగా వున్న గుర్రానికి ఆ పేరు. జానపద కథలో రాకుమారుడు ఎక్కేది ఎప్పుడూ పంచకల్యాణినే. అది ఏడు సముద్రాలు దాటిస్తుంది, రాక్షసుడి కోట గోడమీదుగా దూకుతుంది. కథ చెప్పే అవ్వగాని, వినే మనుమడుగాని ఒక ప్రశ్న వేసుకోరు: ఆ గుర్రం పరుగెత్తేది కాలిలోని బలం చేతనా, కాలిమీది తెలుపు చేతనా? ఇది చిన్నపిల్లల ప్రశ్నలాగా కనిపిస్తుంది. కాని పుట్టుకతో వచ్చిన గుర్తును చూసి ప్రాణికి వెలకట్టే మన ఆచారమంతా దీనికి ఏనాడో చెప్పుకున్న తప్పు సమాధానం మీదనే నిలబడి వున్నదని నా అభిప్రాయం.

మచ్చే అబద్ధం అని కొట్టిపారవేస్తే తీరిపోతుందనుకునే వారున్నారు. అది హేతువాదం కాదు, తొందరపాటు. మచ్చ నిజం. అది వంశంలో దిగివస్తుందన్నదీ చాలావరకు నిజం. గుర్రప్పిల్ల తల్లి కడుపులో వున్నప్పుడు ఒంటికి రంగునిచ్చే కణాలు వెన్ను వెంట పుడతాయి. అక్కడినుంచి పొట్టవైపుకు, కాళ్ళ కొసలకు, మొహం ముందుభాగానికి అవి మెల్లగా పాకిపోవాలి. వెన్నుకు బహుదూరంలో వున్న చోట్లు గిట్టల పైభాగాలూ, నుదురూ, ముట్టే. అక్కడికి ఆ కణాలు ఒక్కొక్కప్పుడు వేళకు చేరవు, చేరినా చాలినన్ని చేరవు. ఆ చోటు తెల్లగా మిగిలిపోతుంది. కాబట్టి మనం కల్యాణప్రదమని పేరుపెట్టిన తెలుపు ఎక్కడినుంచో వచ్చి చేరిన గుర్తు కాదు, రంగు చేరని గుర్తు. ఆ కణాల నడకను నడిపించే జన్యువులు తల్లిదండ్రులనుంచి వస్తాయి గనుక తెల్లకాళ్ళ గుర్రానికి తెల్లకాళ్ళ పిల్ల పుట్టడం మామూలే. అయినా అందులో యాదృచ్ఛికతకు వాటా వుంది. ఒకే గుర్రం కణంనుంచి పుట్టించిన నకలు గుర్రాలకు సైతం తెల్లమచ్చలు మూలంతో అచ్చుగుద్దినట్టు సరిపోవడం లేదు. ఒకే జాతకం, ఒకే రక్తం, అయినా మచ్చ వేరు! జాతకాలు చూసేవారు దీన్నిగురించి కొంచెం ఆలోచించవచ్చు.

ఇంతవరకు మచ్చ కథ. మచ్చకు చెప్పిన అర్థం కథ వేరే వున్నది.

మన పూర్వులు దీన్ని శాస్త్రంగానే కూర్చారు. శాలిహోత్రుడి పేర సంస్కృతంలో అశ్వశాస్త్రం వుంది. తెలుగులో మనుమంచి భట్టు పద్యాల్లో హయలక్షణవిలాసం రాశాడు. భారతంలో నకులుడు విరాటుడి కొలువులో గుర్రాలవాడుగా చేరితే, సహదేవుడు ఆలమందల దగ్గర చేరి, ఫలానా లక్షణాలున్న ఆబోతుల మూత్రం వాసన చూస్తే గొడ్డురాలు సైతం కంటుందని, అట్లాంటి ఆబోతులను తాను గుర్తుపట్టగలనని చెప్పుకుంటాడు. ఉద్యోగం కోసం వచ్చినవాడు ఆ మాత్రం చెప్పుకోక తప్పదేమో! పరిహాసం అటుంచి, యీ లక్షణశాస్త్రాలను చదివేటప్పుడు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఒకటి వుంది. వీటిని రాసినవారిలో గుర్రంతో నిజంగా బతికినవారున్నారు, బతకనివారున్నారు. ఇద్దరి మాటలూ ఒకే జాబితాలో కలిసిపోయాయి.

నలుడి కథలో దీనికి చక్కని నిదర్శనం దొరుకుతుంది. బాహుకుడి వేషంలో వున్న నలుణ్ణి ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భకు తీసుకుపొమ్మంటాడు. నలుడు లాయానికి వెళ్ళి బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకొస్తాడు. రాజు నిర్ఘాంతపోతాడు: యీ అల్పప్రాణులు అంతదూరం ఎట్లా లాగుతాయని. సంస్కృత మూలం ఆ గుర్రాలను వర్ణిస్తూ వెడల్పయిన ముక్కుపుటాలు, పెద్ద దవడలు అంటుంది. సింధుదేశపు పుట్టుక అంటుంది. పది సుళ్ళు అని కూడా అంటుంది. ముక్కుపుటం వెడల్పయితే గాలి ఎక్కువ పీలుస్తుంది, దూరం పరుగెత్తుతుంది. ఇది గుర్రం తోలినవాడి మాట. సింధుదేశం గుర్రాల పెంపకానికి పేరుమోసిన చోటు. ఇది వర్తకుడి మాట. పది సుళ్ళు మాత్రం పురోహితుడి మాట. మూడూ ఒకే వరసలో నిలబడేసరికి మొదటి మాటకున్న పరువు మూడో మాటకు కూడా దక్కింది. మూఢనమ్మకం ఎప్పుడూ ఒంటరిగా బతకదు. పక్కన ఒక నిజాన్ని తోడు తెచ్చుకుంటుంది.

యీ తోడు ఎట్లా పనిచేస్తుందో చూడాలంటే పుస్తకాలు మూసి మా నల్లగొండ, పాలమూరు వైపు పశువుల అంగడికి రావాలి. అక్కడ కొనేవాడు మొదట ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, నోరు నిండిందా అని. పశువు పన్ను అబద్ధమాడదు, వయసును ఉన్నదున్నట్టు చెబుతుంది. తర్వాత గిట్ట చూస్తాడు, మెడ చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఇదంతా విద్య. ఆ తర్వాత ఒంటిమీది సుళ్ళు చూస్తాడు. నొసట ఎన్ని వున్నాయి, వెన్నుమీద ఎక్కడ వుంది, ఎటు తిరిగి వుంది అని. అప్పుడు దళారి నెమ్మదిగా అంటాడు: “ఎద్దు మంచిగనే వున్నదే అన్నా, సుడే జర అట్లున్నది.” ఆ ఒక్క మాటతో తుండుగుడ్డ కింద పట్టుకున్న వేళ్ళలో ఒక వేలు మడతపడుతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఆ మడతపడిన వేలును గురించి. సుడి ఎద్దులో ఏమీ మార్చలేదు, ధరను మార్చింది. అమ్ముకునే రైతుకు అవసరం ఎక్కువ, సమయం తక్కువ. ఎద్దును తిరిగి ఇంటికి తోలుకుపోతే మేపడానికి గడ్డి లేదు. కాబట్టి దిగివస్తాడు. ఇక తక్కువ ధరకు దొరికిన ఆ ఎద్దును కొనేది ఎవరు? మంచి సుడి గల జత కొనే స్తోమత లేనివాడు. వాడికి వున్నది వానమీద ఆధారపడ్డ చెల్క, నెత్తిమీద అప్పు. రెండేళ్ళు వరసగా వాన రాకపోతే వాడి సంసారం కూలుతుంది. అప్పుడు వూరు ఏమంటుంది? సుడి మంచిది కాదని ఆనాడే చెప్పలేదా అంటుంది. పేదవాడి చేతికే చెడ్డ సుడి ఎద్దు వచ్చేటట్టు ధర ఏర్పాటు చేసింది. పేదవాడు పేదవాడుగానే కూలిపోయాడు. సుడి మాత్రం రుజువైపోయింది! ఇంత పకడ్బందీగా తనను తాను నిజం చేసుకునే అబద్ధాన్ని మరెక్కడా చూడలేము.

సుళ్ళలో ఏ నిజమూ లేదా అని అడిగే పాఠకుడికి న్యాయంగా ఒకటి చెప్పాలి. 1995 లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు అనేక పశువులను పరిశీలించి, నొసటి సుడి కళ్ళకంటే పైన వున్న పశువులు పట్టి నిలిపినప్పుడు ఎక్కువగా బెదురుతున్నాయని ప్రకటించారు. పిండదశలో చర్మమూ, నాడీమండలమూ ఒకే పొరనుంచి ఏర్పడతాయి గనుక యీ సంబంధం వుండడం అసంభవమేమీ కాదు. మన రైతుల్లో సుడి చూసి “ఇది బెదురు గొడ్డు” అన్నవాడెవడైనా వుంటే వాడి అనుభవానికి నేను నమస్కరిస్తాను. కాని అంగడిలో సుడి చెబుతున్నది ఎద్దు బెదురును గురించి కాదు, యజమాని ఇంట్లో చావు పుట్టుకలను గురించి. పశువు ఒంటిమీద దాని స్వభావం కొంత రాసి వుండవచ్చు. కొన్నవాడి భవిష్యత్తు రాసి వుండడానికి అక్కడ చోటు లేదు.

2010 లో అమెరికాలో మొదలైన ఒక బొమ్మల ధారావాహిక వుంది, మై లిటిల్ పోనీ అని. మన పట్టణాల పిల్లలు కూడా చూశారు. అందులో పొట్టి గుర్రాలకు తొంటిమీద తలా ఒక బొమ్మ వుంటుంది. ఒకదానికి ఆపిలు పండ్లు, ఒకదానికి సీతాకోకచిలుకలు. ఆ బొమ్మ ఆ గుర్రం యే పనికి తగినదో చెబుతుంది. అయితే అక్కడ పుట్టినప్పుడు బొమ్మ వుండదు. తనకు చేతనయింది ఏదో గుర్రప్పిల్ల తానే కనిపెట్టుకున్న నాడు వెలుస్తుంది. మన సుడికంటే ఇది ఎంతో మర్యాదైన వూహ అని ఒప్పుకోవాలి, పని ముందు, గుర్తు తర్వాత. కాని ఒకసారి వెలిసిన తర్వాత చెరగకపోవడమే నాకు కష్టంగా తోచింది. నాగలి బొమ్మ వెలిసిన గుర్రానికి నలభై ఏట చదువుకోవాలనిపిస్తే?

ఇది బొమ్మల కథ గదా అనవద్దు. పాలమూరు మనిషి ఒంటిమీద అట్లాంటి బొమ్మ ఒకటి దేశమంతా చూసింది. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా పాలమూరు కూలీ వుండవలసిందే. గుత్తేదార్లు మెచ్చుకుని చెప్పే మాట ఒకటుంది, మట్టిపని పాలమూరు వాళ్ళ రక్తంలోనే వుందని. రక్తంలో వున్నది మట్టిపని కాదు. వానలు నమ్మలేని మెట్టపొలం, సాగునీరు లేని వూళ్ళు, గుంపు మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సు, ఆ అడ్వాన్సు తీరేదాకా వదలని పని, ఇవి ఆ పనిని తండ్రినుంచి కొడుకుకు దింపాయి. దిగివచ్చింది అప్పు. లోకానికి అది నైపుణ్యంలాగా కనిపించింది. తిట్టుగా వేసిన ముద్రను మనిషి ఎదిరించగలడు. పొగడ్తగా వేసిన ముద్రను ఎదిరించడం కష్టం, ఎదిరిస్తే కృతఘ్నుడంటారు. కులవృత్తులనుగురించి మనవాళ్ళు ఇప్పటికీ కరిగిపోయి రాసే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకీ గుత్తేదారు మాట జ్ఞాపకం వస్తుంది.

మళ్ళీ నలుడి దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఆ కథలో యీ ప్రశ్నకు కవి తెలిసో తెలియకో ఒక జవాబు పెట్టాడు. దమయంతి చేది రాజు అంతఃపురంలో దాసిగా వుంటుంది. ఆమె కనుబొమల మధ్య పుట్టుమచ్చ వుంది, అది మురికితో కప్పబడి వుంది. సుదేవుడనే బ్రాహ్మణుడు ఆ సంగతి చెబితే మురికి కడిగి చూస్తారు. రాజమాత మచ్చ చూసి, ఈమె నా చెల్లెలి కూతురు అని కౌగిలించుకుంటుంది. మన సినిమాల్లో తప్పిపోయిన కొడుకుల పుట్టుమచ్చలకు మూలపురుషుడు యీ మచ్చే కావచ్చు! ఆ మచ్చ చెప్పింది ఏమిటి? ఆమె ఎవరి బిడ్డ అన్నది. అంతకుమించి ఒక్క అక్షరం చెప్పలేదు. అడవిలో ఆమె ఎంత నిబ్బరంగా నడిచిందో మచ్చ చెప్పలేదు. నిన్నటిదాకా అదే ఇంట్లో వున్న దాసి చెయ్యని తప్పేదీ, చెయ్యని ఒప్పేదీ మచ్చ బయటపడ్డ నేడు కొత్తగా ఏర్పడలేదు. ఆదరణ మాత్రం మారిపోయింది. అంగడిలో వేలు మడిచినట్టే, ఇక్కడ వేలు విప్పారు.

నలుడి సంగతి పూర్తిగా భిన్నం. కర్కోటకుడు కరవడంతో అతని రూపమే మారిపోయింది. గుర్తుపట్టడానికి ఒంటిమీద ఏమీ మిగలలేదు. అయినా దమయంతి పట్టుకుంది. రథం వచ్చే చప్పుడు విని అనుమానించింది. వండిన మాంసం తెప్పించి రుచి చూసింది. పిల్లలను పంపి వాళ్ళను చూడగానే అతను ఏమైపోయాడో తెలుసుకుంది. తోలడం, వండడం, బిడ్డలను హత్తుకుని ఏడవడం, వీటిలో ఏదీ పుట్టుమచ్చ కాదు. రాజుకు వంట కులవృత్తి అసలే కాదు. ఇంకా ఒక విశేషం. దారిలో నలుడు ఋతుపర్ణుడికి అశ్వహృదయం ఇస్తానని, బదులుగా అక్షహృదయం పుచ్చుకుంటాడు. గుర్రాల విద్య ఇచ్చి పాచికల విద్య తెచ్చుకున్నాడు. విద్య ఇచ్చిపుచ్చుకోవడానికి వీలయింది, సుడిని అట్లా ఇచ్చిపుచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. దమయంతి మచ్చను గురించి పాఠ్యపుస్తకాలు రాసే పండితులు యీ మారకాన్ని గురించి ఎక్కువ మాట్లాడరు.

ఒక ప్రభుత్వమే సుడి చూసే పని పెట్టుకుంటే ఏమవుతుందో మన చరిత్ర చెబుతుంది. బ్రిటిషువారు 1871 లో చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులవారిని పుట్టుకతోనే దొంగలన్నది. 1911 లో సవరించి మద్రాసు రాష్ట్రానికి కూడా దాన్ని వర్తింపజేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ చట్టం కింద ఎరుకలవారిని పెట్టిన సెటిల్మెంటు. చట్టం రద్దయింది 1952 లో. ఆ వూరి పేరు చెప్పగానే మన ముఖాల్లో కలిగే మార్పు మాత్రం ఏ గెజిట్టుతోనూ రద్దు కాలేదు. దీనిమీద వేరే వ్యాసం కావాలి. నేను మా జిల్లా మచ్చ దగ్గరకు వస్తాను.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతపు వూళ్ళలో పుట్టి పెరిగిన వారి పళ్ళమీద పసుపు, గోధుమరంగు చారలుంటాయి. జనం గారపళ్ళు అంటారు. అనేకమందికి ఎముకలు వంగాయి, నడుములు బిగుసుకున్నాయి. తాతకు వుంది, తండ్రికి వుంది, బిడ్డకు వచ్చింది. కంటికి కనిపించేది వంశపారంపర్యమే. ఆ వూళ్ళ పిల్లలను చేసుకోవడానికి బయటివాళ్ళు వెనకాడడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతి. నేను పాఠం చెప్పిన తరగతుల్లో నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలను చూశాను. ఎవరూ వాళ్ళను ఏమీ అనకపోయినా ఆ చెయ్యి లేస్తుంది. అంగడిలో దళారి అన్న మాట వాళ్ళు ఎప్పుడో విన్నారు.

కాని యీ వంశాన్ని కొంచెం పరీక్షించి చూడండి. వేరే వూరినుంచి పెద్దదయి కోడలుగా వచ్చిన ఆమె పళ్ళు శుభ్రంగా వుంటాయి, ఆమె బిడ్డల పళ్ళు గార పడతాయి. యీ వూరినుంచి మంచి నీళ్ళున్న వూరికి వెళ్ళిన ఆడబిడ్డ పళ్ళు గారవి, ఆమె బిడ్డల పళ్ళు తెల్లనివి. ఇది రక్తం నడిచే తోవ కాదు, నీళ్ళు నడిచే తోవ. శాశ్వతపు పళ్ళు చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ళ వయసులోపల. ఆ కాలంలో తాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువయితే పింగాణీ దెబ్బతింటుంది. తర్వాత వచ్చిన మనిషి పన్నుకు ఆ మచ్చ రాదు, ఎముకకు మాత్రం ముప్పు తప్పదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని నియమం. మా రాతినేలలోని గ్రానైటు అంతకు ఎన్నోరెట్లు నీటిలోకి వదిలింది, బోరు లోతు పెరిగినకొద్దీ అదే తాగవలసి వచ్చింది. తరతరాలుగా దిగివచ్చిన ఆస్తి ఒక్కటే, బావి.

దీన్ని మన దేశంలో ముందుగా కనిపెట్టిన తీరు కూడా తెలుసుకోదగింది. అప్పటి నెల్లూరు జిల్లాలో రైతులు తమ దున్నే ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారు. మనుషుల్లో అదే జబ్బును ఆ తర్వాత గుర్తించారు. 1937 లో షార్టు మొదలైన వైద్యులు దాన్ని ఫ్లోరోసిస్ అని ప్రకటించారు. నల్లగొండ జిల్లా జబ్బును గురించి డాక్టర్ సిద్దిఖీ 1955 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ ఎద్దు కుంటుతున్నప్పుడు రైతు దాని సుడివైపు చూసి వూరుకుని వుంటే? వాడు కాలు చూశాడు, తోటి రైతు ఎద్దు కాలు కూడా చూశాడు. రెంటికీ ఏది సమానమో ఆలోచించాడు. శాస్త్రం అక్కడ మొదలయింది, ఆసుపత్రిలో కాదు.

గారపన్ను అబద్ధం కాదు. అది పశువు పన్నులాగే నిజం చెబుతుంది. అయితే ఎవరిని గురించి? ఆ పిల్లను గురించి కాదు, ఆమె అమ్మా నాన్నలను గురించి కాదు. ఎనిమిదేళ్ళు ఆమెకు ఏ నీళ్ళు తాగించారో, తాగించక తప్పని స్థితి ఎవరు కల్పించారో, తెలిసి కూడా ఎవరు ఎన్నేళ్ళు వూరుకున్నారో చెబుతుంది. సాక్షిని బోనులో నిలబెట్టి ముద్దాయిగా విచారించడమే యీ లక్షణశాస్త్రాలన్నీ చేసిన పని. పటికా, సున్నమూ కలిపి నీటినుంచి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూరులోని పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు 1970ల్లో రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఇతర దేశాల్లో కూడా వాడారు. మా జిల్లా పేరు అట్లా ప్రపంచమంతా తిరిగింది, కృష్ణా నీళ్ళు మాత్రం మర్రిగూడకు రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. 2016 లో ప్రారంభమైన మిషన్ భగీరథ గొట్టాల ద్వారా వచ్చిన నీరు తాగి పెరిగే పిల్లల పళ్ళను ఇప్పుడు చూడాలి. అవ్వ పన్ను గారది, మనుమరాలి పన్ను తెల్లది అయిన ఇంట్లో రక్తం మారలేదు గదా!

ఆ నీళ్ళు ఊరికే రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. గెలవడానికి కాదు, తమ నీళ్ళ సంగతి దేశానికి వినిపించడానికి జలసాధన సమితి పిలుపుమీద నామినేషన్లు వేసినవారే వారిలో చాలామంది. బ్యాలెట్టు కాగితం బదులు పుస్తకం అచ్చు వేయవలసి వచ్చింది. ఎన్నిక వాయిదా పడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్న వూళ్ళవాళ్ళు నోరు తెరిచి, ఇవిగో మా పళ్ళు చూడండని ప్రభుత్వాన్నే సాక్ష్యానికి పిలిచారు. ప్రభుత్వం కూడా చూసింది. ఆ సంవత్సరమే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన డిపాజిట్టును 500 రూపాయలనుంచి 10,000 రూపాయలకు పెంచింది.